మాట బయటికి పోని రేడియో క్లబ్బు

మోటారు పంపులు తయారుచేసే కంపెనీకి రేడియో క్లబ్బు ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగే అలవాటు ఆ కంపెనీలో లేదు. అంతకు ముందు ఏడాది నవ్వుల క్లబ్బు పెట్టారు. పొద్దున షిఫ్టు మొదలవగానే అందరూ వరసలో నిలబడి నవ్వాలి. నవ్వనివాళ్లకి మెమోలు ఇచ్చారు. దానికి ముందు మొక్కల క్లబ్బు. ఒక్కొక్కరి పేరున ఒక్కొక్క వేపమొక్క నాటించి, ఎండిపోయిన మొక్క తాలూకు మనిషిని పిలిచి సంజాయిషీ అడిగారు. ఆ రెండూ చూసినవాళ్లకి రేడియో క్లబ్బు నయమే అనిపించింది. రేడియోకి నీళ్లు పోయక్కర్లేదు, దాని ముందు నవ్వక్కర్లేదు.

ఎండీగారు బెంగుళూరులో ఏదో సదస్సుకి వెళ్లారు. ఉద్యోగులకి మంచి వ్యాపకం ఉంటే ఉత్పత్తి పెరుగుతుందనీ, వ్యాపకాల్లోకెల్లా హామ్ రేడియో గొప్పదనీ, ఇంట్లో కూర్చుని ముక్కూ మొహం తెలియని మనిషితో మాట్లాడవచ్చనీ అక్కడ ఒక పెద్దమనిషి చెప్పాడట. తిరుగు విమానం దిగేలోపే ఎండీగారు నిర్ణయం తీసుకున్నారు. దిగగానే మానవ వనరుల మేనేజరు విశ్వంభరరావుకి ఫోన్ చేశారు. విశ్వంభరరావుకి హామ్ అంటే ఏమిటో తెలియదు. "నేనే తమతో చెబుదామనుకుంటున్నాను సార్" అన్నాడు.

కంపెనీ మొత్తానికి దాని సంగతి తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. స్టోర్సులో పనిచేసే గౌరునాయుడు.

గౌరునాయుడిది కంపెనీకి ఆనుకునే ఉన్న జోగంపాలెం. ఎప్పుడో పెద్ద తుపానుకి కరెంటూ ఫోనూ రోడ్డూ అన్నీ పోయినప్పుడు, ఎవరో నలుగురు వచ్చి ఊళ్లో బడిలో దిగారు. కొబ్బరిచెట్టుకి తీగ కట్టి, చిన్న పెట్టెలోకి మాట్లాడి, కలెక్టరాఫీసుకి బియ్యం కావాలని కబురు పంపారు. బియ్యం వచ్చాయి. ఊరంతా బియ్యం చుట్టూ చేరితే గౌరునాయుడు పెట్టె దగ్గరే ఉండిపోయాడు. తర్వాత గవర్నమెంటు పరీక్ష రాసి, తప్పి, మళ్లీ రాసి లైసెన్సు తెచ్చుకున్నాడు. పాత సెట్టొకటి కొనుక్కున్నాడు.

అప్పటినుంచీ రోజూ సాయంత్రం డ్యూటీ దిగి, కాళ్లు కడుక్కుని, సెట్టు ముందు కూర్చుని, 'వినేవాళ్లెవరైనా ఉంటే పలకండి' అని పిలవడం అలవాటైంది. ఆ వ్యాపకమంతా ఆ పిలుపులోనే ఉంది. ఎవరు పలుకుతారో తెలియదు, ఎవరో ఒకరు పలుకుతారు. గౌరునాయుడికి పలికేవాడు జయపురంలో దర్జీ పని చేసుకునే పాణిగ్రాహి. సగం ఒడియా కలిసిన తెలుగు. ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూసుకోలేదు. మాట్లాడుకునేదీ పెద్దగా ఏమీ ఉండేది కాదు. అక్కడ వాన పడిందా అని ఇతను అడిగేవాడు. పడలేదు, అక్కడ పడిందా అని అతను అడిగేవాడు. ఇక్కడా పడలేదని చెప్పి ఇద్దరూ కాసేపు ఊరుకునేవాళ్లు.

"ఆ మాత్రం ఊసుకి ఫోను సాలదా?" అనేది గౌరునాయుడి భార్య సూరమ్మ.

"ఫోనుకైతే పనుండాలే. ఎత్తగానే ఏటి పని అనడుగుతాడు. దీనికి పనక్కర్లేదు" అనేవాడు గౌరునాయుడు. ఒకసారి ఫోనూ చేసి చూశారు. ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచక నిమిషంలో పెట్టేశారు.

విశ్వంభరరావు స్టోర్సుకి రావడం అదే మొదలు. బేరింగుల డబ్బాల మధ్యనుంచి బట్టలు నలగకుండా నడుచుకుంటూ వచ్చి, "గౌరునాయుడుగారూ" అన్నాడు. ఆ 'గారు' వినగానే గౌరునాయుడు స్టూలు మీంచి లేచాడు. ఉద్యోగం పోయిందనుకున్నాడు.

"మీరు హామ్ అట కదా?"

"ఔన్సార్."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం? ఇటువంటి ప్రతిభ మరుగున పడి ఉండటం మానవ వనరుల విభాగానికి తీరని లోటు."

"ఎవలూ అడగనేదండి."

"ఎండీగారు అడుగుతున్నారు. క్లబ్బుకి మీరు వ్యవస్థాపక సాంకేతిక సభ్యులు. ప్రస్తుతానికి మీ సెట్టు తెండి, ప్రారంభోత్సవం కానిద్దాం. తర్వాత కొత్తది కొంటాం. ఆఫీసు మేడ మీద టవరు కూడా లేపుతున్నాం."

"టవరా?"

"నూరడుగులు."

గౌరునాయుడి ఇంటికి పడమటివైపు కొండ అడ్డం. పాణిగ్రాహి మాట ఇంటికి చేరేసరికి సగం ఈల, సగం గరగర. నూరడుగుల టవరు మీంచి అయితే ఆ దర్జీ కుట్టు మిషను చప్పుడు కూడా వినబడుతుంది. ఆ పూట అన్నం తింటూ గౌరునాయుడు గోడకేసి చూసి నవ్వుకున్నాడు. సూరమ్మ చారు మళ్లీ పోయాల్సి వచ్చింది.

మర్నాడు మేనేజరుగారి కారే ఇంటికొచ్చింది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇన్నేళ్లూ స్టోర్సులో గౌరునాయుడు నేర్చుకున్నదీ, పదిమందికి నేర్పిందీ ఒకటే: గేటు దగ్గర రాయించకుండా లోపలికొచ్చిన వస్తువు కంపెనీది. ఒక ఫిట్టరు సొంత స్పానరు, క్యాంటీనాయన సొంత గరిటె ఆ సూత్రం కిందే కంపెనీలో ఉండిపోయాయి. రెండింటికీ సంతకం చేసింది గౌరునాయుడే. గరిటె కోసం క్యాంటీనాయన కళ్లనీళ్లు పెట్టుకున్నా కరగలేదు. అంతటివాడు, కారు గేటు దగ్గర ఆగకుండా లోపలికి పోతుంటే, కాపలావాళ్లు సెల్యూట్ కొడుతుంటే, సెట్టు ఒళ్లో పెట్టుకుని మురిసిపోతూ కూర్చున్నాడు.

ప్రారంభోత్సవం మధ్యాహ్నం జరిగింది. ఆఫీసు మేడ మీది గదిలో సెట్టుకి పూలదండ వేశారు. కిటికీలోంచి బయటి చెట్టుకి గౌరునాయుడు తన తీగే కట్టుకున్నాడు. లౌడ్‌స్పీకర్లు పెట్టారు. కింద జనమంతా ఎండలో నిలబడ్డారు.

"అనుసంధానమే అభివృద్ధి" అన్నారు ఎండీగారు. "నేటినుంచి మన ఉద్యోగి ప్రపంచంతో మాట్లాడతాడు. ప్రపంచం మన ఉద్యోగితో మాట్లాడుతుంది."

చప్పట్లయ్యాక గౌరునాయుడు మైకు పట్టుకుని, అలవాటు చొప్పున, వినేవాళ్లెవరైనా ఉంటే పలకమన్నాడు. రెండుసార్లు పిలిచేసరికి లౌడ్‌స్పీకర్లు పలికాయి.

"నాయుడుబాబు, ఏమిటి ఎండవేళే పిలిచావు? ఫ్యాక్టరీలో పనేం లేదా? ఓవర్."

కింద జనం గొల్లున నవ్వారు. నవ్వుల క్లబ్బులో కూడా అంత నవ్వు రాలేదు. ఎండీగారూ నవ్వారు. నవ్వనివాడు ఒక్కడే. సమాచార భద్రతాధికారి రుద్రమూర్తి. జేబులోంచి పెన్ను తీసి, ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాడు: 'బయటి వ్యక్తి, కంపెనీలో పని ఉన్నదా లేదా అని విచారించెను.'

సాయంత్రం గౌరునాయుడు సెట్టు సర్దుకోబోతే దానికి అప్పటికే కంపెనీ ఆస్తి అని నంబరు బిళ్ల అంటించి ఉంది. విశ్వంభరరావు దగ్గరికి వెళ్లాడు.

"సార్, ఇది నాదండి."

"నీదే నాయుడూ, కాదన్నదెవరు? గేటు దగ్గర రాయించిన చీటీ చూపించి తీసుకెళ్లు."

"మీ కార్లోనే కదండీ తెచ్చాం."

"అందుకే నాకూ తెలుసు, చీటీ లేదని."

గౌరునాయుడికి గరిటె గుర్తొచ్చింది. ఎలాగూ క్లబ్బు నడుస్తుంది కదా, సాయంత్రాలు ఇక్కడినుంచే మాట్లాడుకోవచ్చు, పైగా టవరు వస్తుంది అనుకున్నాడు.

మర్నాడు రుద్రమూర్తి సర్క్యులర్ వచ్చింది. కంపెనీనుంచి బయటికి వెళ్లే ప్రతి మాటకీ ముందస్తు ఆమోదం ఉండాలన్నది పాత నిబంధనే. ఉత్తరాలకి ఉంది, ఈమెయిళ్లకి ఉంది. మాటకి లేకపోవడం లోపం కనుక దానికీ వర్తింపజేశారు. రెండో పేరాలో, వినడం కూడా సమాచారం స్వీకరించడమే కనుక, ఆమోదం లేని మాట ఎవరి చెవినైనా పడితే ఆ ఉద్యోగి మర్నాటికల్లా లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకోవాలని ఉంది.

గౌరునాయుడు సాయంత్రం మాట్లాడబోయేది కాగితం మీద రాసుకుని రుద్రమూర్తి ముందు నిలబడ్డాడు. రుద్రమూర్తి మనిషి మంచివాడే. ఎవరిమీదా కోపం లేదు. ఎవరిమీదా నమ్మకం లేదు, అంతే.

"'ఎవరైనా ఉంటే పలకండి' అని రాశావు. ఎవరీ ఎవరైనా?"

"ఎవలో తెలీదండి. అలాగే పిలవాల."

"పేరు, చిరునామా లేకుండా కంపెనీ ఎవరినీ సంబోధించదు నాయుడూ. 'ఎవరైనా' అనే వ్యక్తి మన రికార్డుల్లో లేడు."

"పోనీ పాణిగ్రాహి అని రాసుకోండి. ఎక్కువ ఆయనే పలుకుతాడు."

"సంతోషం. నువ్వు 'వాన పడిందా' అంటావు. వాతావరణం కనుక అభ్యంతరం లేదు. ఆయన ఏమంటాడు?"

"పడితే పడిందంటాడు. నేకపోతే నేదంటాడు."

"రెండూ ఎలా ఆమోదిస్తాం? ఏదో ఒకటి రాయి."

"ఆయనేటంటాడో నాకేటి తెలుస్తాదండి?"

రుద్రమూర్తి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏమంటాడో తెలియని మనిషితో కంపెనీ తరఫున మాట్లాడటం బాధ్యతాయుతమేనా? నువ్వే చెప్పు."

"తెలిస్తే ఇంక మాట్లాడ్డం దేనికండి?"

"అదే నేనూ అంటున్నాను" అన్నాడు రుద్రమూర్తి.

ఫైలు కొనుగోళ్ల విభాగానికి వెళ్లింది. కంపెనీకి బయటివాళ్లతో ఏ సంబంధమున్నా వాళ్ల ద్వారానే ఉండాలి. పాణిగ్రాహిని కంపెనీ సరఫరాదారుగా నమోదు చేయాలన్నారు. ఆయన సరఫరా చేసేది సంభాషణ. జయపురానికి దరఖాస్తు పంపారు. మూడేళ్ల వ్యాపార వివరాలూ, గోప్యతా ఒప్పందం మీద సంతకమూ అడిగారు. ఆ దర్జీకి అది ఎవరో చొక్కాలు కుట్టమని పంపిన ఆర్డరులా కనబడింది. కొలతలు పంపమని జవాబు రాశాడు.

ఈలోగా ఆడిట్‌వాళ్లు ఇంకో అభ్యంతరం చెప్పారు. సంభాషణకి ఒక్క పాణిగ్రాహినే ఎంచుకోవడంలో పారదర్శకత లేదు. మరో ఇద్దరు సంభాషించేవాళ్ల దగ్గర కూడా కొటేషన్లు తీసుకుని, ముగ్గురినీ పోల్చి చూపాలి. వాన పడిందా అన్న ప్రశ్నకి ఎవరు తక్కువ మాటల్లో జవాబిస్తే వాళ్లకి ఇవ్వాలి.

అలా నెలలు గడిచాయి. సాయంత్రాలు ఇంటి దగ్గర గౌరునాయుడికి ఏం చేయాలో తెలిసేది కాదు. సెట్టు ఉండే బల్ల ముందు కూర్చుని లేచేవాడు.

"ఆ ఉత్త బల్లేటి సెప్తంది?" అంది సూరమ్మ ఒకరోజు. "ఫోన్ సేసి, ఇలాగయిందని సెప్పీరాదా?"

చేశాడు. దుకాణంలో ఎవరో ఎత్తి, మాస్టారు కొలతలు తీసుకుంటున్నారు, ఏం పని అన్నారు. పనేమీ లేదని పెట్టేశాడు.

క్లబ్బు మాత్రం వెలిగిపోతోంది. ఎండీగారు సభ్యత్వాన్ని స్వచ్ఛందం చేశారు; చేరనివాళ్లు ఎందుకు చేరలేదో రాసివ్వాలి. అందరూ చేరారు. అందరికీ టోపీలిచ్చారు. టవరు లేచింది. దాని కొసన కంపెనీ పేరు లైట్లతో పెట్టారు. రేడియో తీగ కడదామంటే బోర్డుకి అడ్డమొస్తుందన్నారు. సెట్టుకి కిటికీలోంచి కట్టిన పాత తీగే మిగిలింది.

ఇంతమంది సభ్యులున్న క్లబ్బు ఏదో ఒకటి మాట్లాడకపోతే బాగుండదని విశ్వంభరరావు మీటింగు పెట్టాడు. బయటివాళ్లతో మాట్లాడటానికి కంపెనీ నిబంధన అడ్డు. లైసెన్సు లేనివాళ్లు రేడియోలో మాట్లాడటానికి గవర్నమెంటు నిబంధన అడ్డు. రెండు నిబంధనలూ మన్నించే మార్గం రుద్రమూర్తే కనిపెట్టాడు. సెట్టు ఆపేసి మాట్లాడాలి.

"ఆపేస్తే ఇనబడదు కదండీ" అన్నాడు గౌరునాయుడు.

"కనుక ఉల్లంఘనా ఉండదు" అన్నాడు రుద్రమూర్తి.

ఎండీగారు చాలాసేపు తలాడించారు. "సున్నా ఉల్లంఘనలతో నడిచే రేడియో క్లబ్బు దేశంలో ఇంకొకటి ఉంటుందా?" అన్నారు. ఉండదని అందరూ ఒప్పుకున్నారు.

ఆ వారంనుంచే సభ్యులు వంతులవారీగా మేడెక్కి, టోపీ పెట్టుకుని, ఆపేసిన సెట్టు మైకులోకి ఆమోదం పొందిన వాక్యం చెప్పి దిగుతున్నారు: 'నేను క్షేమం. కంపెనీ క్షేమం. తమరు క్షేమమని తలుస్తాను. ఓవర్.' గౌరునాయుడి పని పక్కన నిలబడి సెట్టు ఆపేసి ఉందని ధ్రువీకరించడం.

ఒకరోజు మోటార్లకి రాగితీగ చుట్టే సెక్షన్‌నుంచి పోలమ్మ వంతు వచ్చింది. పోలమ్మ మైకు చేత్తో పట్టుకుని కిందా మీదా చూసింది.

"నాయుడుబావూ, ఇది ఆపేసే ఉన్నాదా?"

"ఆపేసే ఉన్నాదే."

"ఎవలికీ ఇనబడదు?"

"పిట్టక్కూడా ఇనబడదు."

"అయితే ఇనుకో" అంది పోలమ్మ మైకుతో. "నేను క్షేమం కాదు. ఆడోళ్ల దొడ్డికి గడియ నేదు. ఒకర్తి లోపలికెల్తే ఇంకోర్తి బయట తలుపట్టుకు నిలబడాల. అలా నిలబడ్డ టైముకి మాకు జీతం కోస్తన్నారు. మేనేజరుబావుకి సెప్తే తలుపట్టుకునే పని మా సెక్షన్‌ది కాదన్నాడు. మరెవరి సెక్షన్‌దో సెప్పమను. ఓవర్."

మైకు బల్లమీద పెట్టి, టోపీ తీసి గౌరునాయుడి చేతికిచ్చి దిగిపోయింది. గౌరునాయుడు ఆ టోపీ కాసేపు చేతిలోనే పట్టుకు నిలబడ్డాడు.

ఆ కబురు ఎలా పాకిందో గాని, మర్నాటినుంచి మేడమెట్ల మీద వరస కట్టారు జనం. లంచ్ టైములో తిండి మానేసి వచ్చారు. కోసిన ఓవర్‌టైము, ఇవ్వని సెలవు, కాలిన చెయ్యి, అన్నీ ఆ చచ్చిన మైకులోకి చెప్పుకుని తేలికపడి దిగేవాళ్లు. నెల తిరిగేసరికి ఉత్పత్తి నిజంగానే కొంచెం పెరిగింది.

పక్కగదిలో కూర్చునే రుద్రమూర్తి గోడకి చెవి ఆనించి మూడు రోజులు విన్నాడు. తర్వాత తనకు తానే సంజాయిషీ రాసుకుని, తానే స్వీకరించి, రెండో సర్క్యులర్ తీశాడు. ఆపేసిన సెట్టు ముందు కూడా ఆమోదం లేని మాట పలకరాదు. ఏ మాట పలుకుతారో ముందుగా కనిపెట్టడం అసాధ్యం కనుక, ఇకమీదట సభ్యులు మైకు ముందు ఒక నిమిషం మౌనంగా నిలబడి దిగిపోవాలి. ఆ నిమిషాన్ని సంభాషణగా నమోదు చేస్తారు.

టోపీలు పెట్టుకున్న మనుషులు ఒక్కొక్కరే వచ్చి, పూలదండ ఎండిపోయిన సెట్టు ముందు తల వంచుకుని నిలబడి వెళ్లడం చూస్తే, కొత్తగా వచ్చినవాళ్లెవరైనా ఎవరు పోయారని అడిగేవాళ్లు.

గౌరునాయుడు తెగించింది అప్పుడే. తెగింపంటే అరవడం కాదు. అరవడం అతనికి రాదు. ఏటా జరిగే స్టోర్సు లెక్కలు వచ్చాయి. ఏడాదిపాటు వాడకంలో లేని సామాను కదలని సరుకు కింద రాసి తుక్కుకి తోలేయాలని అందులో ఉంది. గౌరునాయుడు ఆ వరసలో తుప్పుపట్టిన బోల్టుల కింద ఇంకో వాక్యం చేర్చాడు: 'రేడియో సెట్టు, ఒకటి. స్విచ్ వేసిన దాఖలా లేదు.'

ఎండీగారు పిలిపించారు. విశ్వంభరరావూ రుద్రమూర్తీ అక్కడే ఉన్నారు.

"సెట్టు తీసేస్తే క్లబ్బు ఏమవుతుంది?" అన్నాడు విశ్వంభరరావు.

"ఇప్పుడేటవుతందో అదే అవుతాదండి" అన్నాడు గౌరునాయుడు.

ఎండీగారు ఆలోచించారు. "నిజమే. సెట్టు లేనంతమాత్రాన క్లబ్బు కార్యక్రమాలకి అంతరాయం కలగకూడదు. పైగా స్థలం కలిసొస్తుంది. తోలేయండి."

గౌరునాయుడు గుమ్మంవైపు తిరిగాడు. అంతలో రుద్రమూర్తి గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఆ సెట్టు ముందు మన ఉద్యోగులు నెలరోజులపాటు కంపెనీ అంతర్గత విషయాలు మాట్లాడారు. అది బయటికి పోతే ఆ విషయాలూ బయటికి పోతాయి. గోప్యమైన సరుకుని సమ్మెటతో ముక్కలు చేసి గాని గేటు దాటించకూడదని నిబంధన."

"ఆపేసున్న పెట్టెకి ఏటి గుర్తుంటాదండి?" అన్నాడు గౌరునాయుడు.

"గుర్తుండదని రుజువు చేయగలవా?"

దాని మీద కాసేపు చర్చ జరిగింది. చివరికి ఎండీగారు మధ్యేమార్గం చెప్పారు. సెట్టుని విచారించాలి. ఏమైనా వెల్లడిస్తే సమ్మెట. వెల్లడించకపోతే తుక్కు.

విచారణ సాయంత్రం డ్యూటీలు దిగే వేళకి పెట్టారు. మేడ మీది గదిలో ఎండీగారు మధ్య కుర్చీలో, ఆ పక్కా ఈ పక్కా అధికారులు. గుమ్మం దగ్గర సమ్మెట పట్టుకుని ఫిట్టరు. సెట్టు పక్కన గౌరునాయుడు.

"ఆపేసి అడిగితే ఎలాగూ చెప్పదు" అన్నాడు రుద్రమూర్తి. "ఆన్ చేసి అడగాలి. అదే న్యాయం."

గౌరునాయుడు గోడ గడియారం చూశాడు. చూడకుండా ఉంటే బాగుండుననుకున్నాడు. తను రోజూ ఇంటి దగ్గర కాళ్లు కడుక్కుని కూర్చునే వేళ అది. తప్పదు గనక స్విచ్ వేశాడు. ఏడాది తర్వాత సెట్టు కళ్లు తెరిచింది. గరగరమని ఊపిరి పీల్చింది. కిటికీలో పాత తీగ ఊగుతోంది.

రుద్రమూర్తి లేచి సెట్టుకి ఎదురుగా నిలబడ్డాడు. "ఈ కంపెనీ గురించి నీకు తెలిసినదేమిటి?" అని అడిగాడు.

గరగర.

"రెండోసారి అడుగుతున్నాను."

గరగర.

"మూడవ, ఆఖరి సారి."

గరగర సన్నబడింది. ఎక్కడో ఈల వేసినట్టయి, ఆ ఈలలోంచి మనిషి గొంతు వచ్చింది. మెల్లగా, ఎదురుగా కూర్చుని పలకరించినట్టు.

"నాయుడుబాబు. జయపురంనుంచి పాణిగ్రాహి. రోజూ పిలుస్తూనే ఉన్నాను. బాగున్నావా? ఒంట్లో బాగుండకపోతే ఇంట్లోవాళ్లయినా ఒక మాట చెప్పండి. ఎవరైనా వింటున్నారా? ఓవర్."

గౌరునాయుడి చెయ్యి మైకు పక్కనే ఉంది. వేళ్లు దానికేసి జరిగాయి. గుమ్మంలో సమ్మెట చూసి ఆగిపోయాయి.

"ఎవరైనా వింటున్నారా?" అంది సెట్టు మళ్లీ.

ఎండీగారు విశ్వంభరరావు మొహం చూశారు. విశ్వంభరరావు రుద్రమూర్తి మొహం చూశాడు. రుద్రమూర్తి తను రాసిన సర్క్యులర్‌లోని రెండో పేరా గుర్తు చేసుకుంటున్నాడు. విన్నానన్నవాడు ఆమోదం లేని మాట స్వీకరించినవాడు. మర్నాటికల్లా సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఎండీగారు ఇవ్వాల్సి వస్తే ఎవరికివ్వాలో సర్క్యులర్‌లో లేదు.

"ఎవరికైనా ఏమైనా వినబడిందా?" అని అడిగారు ఎండీగారు, నింపాదిగా.

"లేదు సార్" అన్నాడు విశ్వంభరరావు.

"నాకూ లేదు సార్" అన్నాడు కొనుగోళ్ల అధికారి.

రుద్రమూర్తి పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో మొదటిసారి అతని మొహంలో చెమట కనబడింది. "లేదు" అన్నాడు.

"నాయుడూ, నీకు?"

సెట్టులో ఇంకా ఆ మనిషి ఊపిరి వినబడుతూనే ఉంది. జవాబు కోసం ఆగాడు కాబోలు.

"నేదండి" అన్నాడు గౌరునాయుడు. ఆ మాట నోట్లోంచి వచ్చేసరికి, పెట్టెకి పడాల్సిన సమ్మెట దెబ్బ తనకే తగిలినట్టయింది.

'మూడు పర్యాయములు ప్రశ్నించినను సెట్టు ఏమియు వెల్లడించలేదు' అని రాసి అందరూ సంతకాలు పెట్టారు. ఫిట్టరు సమ్మెట భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. అతను మాత్రం గౌరునాయుడి పక్కనుంచి వెళ్తూ, "ఆయన నీకోసం బెంగెట్టుకున్నట్టున్నాడు మావా" అన్నాడు, చెవిలో. అతనికి సర్క్యులర్ ఎవరూ చూపించలేదు.

తుక్కు కొనే మస్తాను లారీలో బోల్టుల మీద సెట్టు కూడా ఎక్కింది. స్టోర్సు తరఫున గేటు పాసు మీద సంతకం పెట్టినవాడు గౌరునాయుడే. ఊరి మలుపులో లారీ ఆపించి సెట్టు దింపుకున్నాడు. మస్తాను దాన్ని ఎత్తి చూసి, "ఇందులో ఇనుమెంతుంటాది, తీసుకుపో నాయుడూ" అన్నాడు.

క్లబ్బుకి ఏ లోటూ రాలేదు. సెట్టున్న బల్ల మీద సెట్టు ఫొటో కట్టించి పెట్టారు. సభ్యులు ఇప్పటికీ వంతులవారీగా దాని ముందు నిమిషంపాటు నిలబడి దిగుతున్నారు. ఆ ఏడాది కంపెనీల సమాఖ్యవాళ్లు వచ్చి చూసి, ఇంత క్రమశిక్షణగల రేడియో క్లబ్బుని ఎక్కడా చూడలేదని షీల్డు ఇచ్చారు. షీల్డు అందుకుంటూ ఎండీగారు, వచ్చే ఏడాదికి ఈత క్లబ్బు ఆలోచన ఉందన్నారు. నీళ్ల విషయమై రుద్రమూర్తి అభిప్రాయం కోసం చూస్తున్నారట.

గౌరునాయుడు కాళ్లు కడుక్కుని బల్ల ముందు కూర్చున్నాడు. సూరమ్మ దీపం బుడ్డి తుడుస్తూ ఇటే చూస్తోంది. తీగ మళ్లీ కొబ్బరిచెట్టుకే కట్టాడు. స్విచ్ వేసి, వినేవాళ్లెవరైనా ఉంటే పలకండి అన్నాడు. మళ్లీ అన్నాడు.

కొండ అవతలినుంచి ఈలా గరగరా కలిసి వచ్చింది. దానిలోంచి పాణిగ్రాహి.

"నాయుడుబాబు, నువ్వేనా? ఏడాదయింది. ఏమైపోయావు? ఏం జరిగింది? ఓవర్."

గౌరునాయుడు ఎక్కడినుంచి చెప్పాలో ఆలోచించాడు. కారు, బిళ్ల, కొటేషన్లు, టోపీలు, పోలమ్మ, సమ్మెట. ఏది చెప్పినా ఇంకోటి చెప్పాలి.

"కంపెనీవోలు రేడియో క్లబ్బు పెట్టారు బాబూ. ఓవర్" అన్నాడు.

"అయ్యో" అన్నాడు పాణిగ్రాహి. "ఇప్పుడెలా ఉంది? ఓవర్."

"తగ్గింది" అన్నాడు గౌరునాయుడు.